మిగిలింది బుధవారం

గత ఏడాది మా ఆఫీసు టీమ్ బిల్డింగ్‌లో అకౌంట్స్ మాస్టారికి నడుం పట్టేసింది. భీమిలి రోడ్డులో ఒక రిసార్ట్, ఏసీ హాలు, బయటి నుంచి వచ్చిన ట్రైనర్. కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనకున్నవాళ్లు పట్టుకోవాలి, దాంతో ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరుగుతుంది అన్నాడాయన. పట్టుకున్నారు, అందులో తప్పేం లేదు. కానీ 56 ఏళ్ల మనిషిని దుంగలా వెనక్కి వాలమంటే నడుం ఊరుకుంటుందా? మాస్టారు వారం రోజులు బెల్టు కట్టుకుని వచ్చారు. అదీ ఆదివారం పూట. పైగా పోర్టులో డ్యూటీ ఉందని ఇద్దరు ఫీల్డ్ కుర్రాళ్లని ఇక్కడే వదిలేశాం. గ్రూప్ ఫొటోకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు. ఆ ఇద్దరూ రోజూ దాని ముందు నుంచే లోపలికి వస్తారు.

ఈ ఏడాది ఆ పని నా నెత్తిన పడింది. మాది విశాఖ కాన్వెంట్ జంక్షన్ దగ్గర చిన్న కస్టమ్స్ క్లియరెన్స్ ఆఫీసు, పోర్టు సరుకులకి కస్టమ్స్ కాగితాలు నడిపిస్తాం. మొత్తం 24 మందిమి. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లం సగం, టెర్మినల్ చుట్టూ ఎండలో తిరిగేవాళ్లు సగం. నేను డాక్యుమెంటేషన్ చూస్తాను. సార్ పిలిచి, "30 వేలు ఇస్తానమ్మా, ఈసారి అందరూ ఎంజాయ్ చెయ్యాలి" అన్నారు.

వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టాను. అరకు, రిసార్ట్, క్రికెట్. 17 మంది బొటనవేళ్లు పైకెత్తారు. "ఏదైనా ఓకే మేడమ్." ఫోను చూసుకుని దిగులేసింది. ఏదైనా ఓకే అన్నవాళ్లే తీరా వెళ్లాక మొహాలు ముడుచుకుంటారని గత ఏడాదే చూశాను కదా.

అప్పుడు తట్టింది, ఏం కావాలని కాదు, ఏం వద్దో అడగాలని. మర్నాడు టీ టైములో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టి, పేరు రాయకుండా చీటీ వేయమన్నాను. ఎవరి చీటీనీ బయట చదవనని మాటిచ్చాను. 24కి 22 చీటీలొచ్చాయి. ఆదివారం వద్దు (ఇది 11 మంది). పాట పాడమనొద్దు. ఇంగ్లీషులో మాట్లాడించొద్దు. తడిసే పని పెట్టొద్దు. చీకటి పడకముందే ఇంటికి పంపండి. ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దు. ఒకటి మాత్రం "నన్ను వదిలేయండి" అని. అది ఎవరి రాతో చూడగానే తెలిసింది, రోజూ ఓచర్ల మీద చూసే గుండ్రటి రాతే. మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను.

ఈ చీటీలతోనే అరకు ఎగిరిపోయింది. కిరండూల్ పాసింజరు తెల్లారకముందే లేపుతుంది, తిరిగొచ్చేసరికి రాత్రి. సొరంగాలు, బొర్రా గుహలు, బొంగు చికెన్ అన్నీ బాగుంటాయి గానీ, చిన్నపిల్లల తల్లులకి ఆ ఒక్కరోజు కోసం ఇంట్లో మూడు రోజుల సంజాయిషీ.

అప్పుడు వనభోజనాలు గుర్తొచ్చాయి. ఊరూవాడా, కులసంఘాలూ, అపార్ట్‌మెంట్లూ కార్తీకంలో ఏటేటా చేసుకునేదే. ఎవరూ ట్రైనర్ని పిలవరు. కాకపోతే కార్తీకంలో పెట్టుకుంటే ఆఫీసులో సగం మంది నీచు ముట్టరు. అది పూజలా అనిపించి, మాలో ఉన్న ఇద్దరు క్రిస్టియన్లు, ఒక ముస్లిం ఇబ్బంది పడొచ్చు. పైగా ఆ రోజుల్లో మాకు వాయుగుండాల భయం కూడా. పోలి పాడ్యమి వెళ్లాక చూద్దాం, ఉత్త భోజనాలే, వనం మాత్రం ఉంటుంది అనుకున్నాం.

ఇక రోజు. నవ్వుతారు గానీ, దీనికే నాకు నాలుగు రోజులు పట్టింది. సోమవారం కొందరికి ఉపవాసం. మంగళవారం ఆంజనేయస్వామి. మార్గశిర గురువారం అసలు నోరెత్తకూడదు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి మా ఆడవాళ్లు తెల్లవారుజామునే లైన్లో ఉంటారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు. శనివారం వెంకన్న. ఆదివారం సంగతి చీటీలే చెప్పాయి. మిగిలింది బుధవారం. ఆ వారం బుధవారం నాడు మా కంటైనర్లకి ఏ ఓడ కటాఫూ (పోర్టు లోపలికి చేర్చాల్సిన ఆఖరి గడువు) లేదని ఫీల్డ్ వాళ్లతో రెండుసార్లు రూఢి చేసుకున్నాను. ఈసారి ఎవర్నీ వదిలేయను, 24 మందీ వస్తేనే బస్సు కదులుతుందని సార్‌తో ముందే అనేశాను.

భీమిలి దాటాక తెలిసినవాళ్ల జీడితోట ఉంది. మినీ బస్సుకి 9 వేలు. సరుకులు పూర్ణా మార్కెట్లో. చేప బాధ్యత ఫీల్డ్ కుర్రాడొకడు తీసుకున్నాడు, వాళ్ల నాన్న బోటు మీద వెళ్తాడు. వాడు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరం తెచ్చాడు. "మీరెళ్తే డబుల్ చెప్తారు మేడమ్" అన్నాడు. నిజమే అయ్యుంటుంది.

నేను వేసిన పథకం ఒకటి మాత్రం తుస్సుమంది. భీమిలిలో మూడు జట్లుగా విడిపోయి గంటస్తంభం, లైట్‌హౌసు, డచ్చివాళ్ల సమాధులు వెతికి ఫొటో తీసుకురావాలి. ఊరు పాతది, 1861లోనే మునిసిపాలిటీ అయింది, చూడాల్సినవి నడిచేంత దూరంలోనే ఉంటాయని నా లెక్క. ప్రతి జట్టులోనూ లోపలివాళ్లు, బయటివాళ్లు కలిసేట్టు వేశాను. కానీ మొదలుపెట్టింది పదకొండున్నరకి. మార్గశిరమైనా సముద్రం పక్క ఎండ చుర్రుమంటుంది. రెండు జట్లు ఎలాగోలా తిరిగొచ్చాయి. మూడోది అయిపూ అజా లేదు. వెతుక్కుంటూ వెళ్తే కొబ్బరిబొండాల బండి పక్కన నీడలో కూర్చుని ఉన్నారు.

కోపం వచ్చింది. కానీ అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో విని నేనూ కూర్చున్నాను. ఒక ఫీల్డ్ కుర్రాడు మా డాక్యుమెంటేషన్ అమ్మాయికి చెప్తున్నాడు. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. వాటిలో ఒక్క అంకె తప్పు పడితే గేటు దగ్గర ట్రైలర్‌ని పక్కకి తీయిస్తారు, సరిచేసిన కాగితం వచ్చేదాకా అక్కడే, మళ్లీ లైను చివరి నుంచి. "డ్రైవరు నన్నే తిడతాడండి, మిమ్మల్ని కాదు." ఆ అమ్మాయి రెండేళ్లుగా రోజూ ఆ నంబర్లే టైపు చేస్తోంది. గేటు ఎలా ఉంటుందో చూడలేదు. చివరి అంకె ముందున్నవాటి నుంచి లెక్కకట్టి వచ్చేదేనని, దాంతో తప్పు పట్టుకోవచ్చని ఆమెకి తెలుసు. మా ఎక్సెల్ షీటులో ఆ లెక్క లేదు. "నేను పెడతాను" అంది. నాలుగు రోజుల్లో పెట్టింది కూడా. ఫొటోలు తేని ఆ జట్టుని నేనేమీ అనలేదు.

తోటలో వంట మాత్రం దానంతటదే నడిచింది. చేపల పులుసు, వంకాయ కూర, పులిహోర. వెజ్ పొయ్యి వేరు, గరిటెలు వేరు. సార్ ఉల్లిపాయలు తరిగారు, చాలా లావుగా తరిగారు, ఎవరూ చెప్పే ధైర్యం చేయలేదు. చేప తెచ్చిన కుర్రాడే చివరికి "ఏటి సార్, ఇవి ముక్కలా, కొబ్బరి చెక్కలా?" అనేశాడు. సార్ నవ్వారు. ఆఫీసులో ఆ కుర్రాడు సార్ గదిలోకి వెళ్లాలంటే తలుపు దగ్గరే ఆగిపోతాడు.

తిన్నాక మైకు లేదు, ఉపన్యాసం లేదు. చాపలు పరిచాం. కొందరు పడుకున్నారు, ఆడాలనుకున్నవాళ్లకి అష్టాచెమ్మా, ఏడు పెంకులాట. పెంకుల కోసం మా వీధిలో కడుతున్న ఇంటి దగ్గర విరిగిన టైల్ ముక్కలు ఏరి తెచ్చాను. ఐదో ముక్క పెట్టగానే జారిపోతున్నాయి. మాస్టారు దూరంగా చెట్టుకి ఆనుకుని పేపరు చదువుతున్నారు. నేను ఆయన్ని పిలవలేదు, ఎవర్నీ పిలవనివ్వలేదు. కాసేపటికి పేపరు మడతపెట్టి, చెప్పులు వదిలి తనే వచ్చారు. వంగలేదు, నిలబడే ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పడం మొదలుపెట్టారు. రెండు ఆటలయ్యేసరికి గొంతు పోయింది.

నాలుగున్నరకి బస్సెక్కాం. 1,860 రూపాయలు మిగిలాయి. మర్నాడు ఆ డబ్బు, బిల్లులు మాస్టారి టేబుల్ మీద పెట్టాను. అన్నీ కూడి, ఓచరు మీద ఆ గుండ్రటి రాతతో సంతకం పెట్టి నా వైపు తోశారు.

"టైల్ ముక్క నునుపమ్మా, నిలబడదు. నాటు పెంకు కావాలి, గరుగ్గా ఉంటుంది. మా ఊళ్లో పాత ఇల్లు విప్పుతున్నారు. వచ్చే ఏడాదికి నేను తెస్తాను."