కుక్క బొచ్చు, పాకే పాప, రోబో వాక్యూమ్

మా ఇంట్లో లాబ్రడార్ ఉంది, పాకే పాప ఉంది. నేల మీద ఏది దొరికినా పాప నోట్లోకే. రోబో వాక్యూమ్ కొనడానికి వెళ్తే షాపులో అందరూ సక్షన్ (దుమ్ము పీల్చే శక్తి) ఎన్ని వేల పాస్కల్స్ అనేదే చెబుతారు. మావి టైల్స్, తివాచీలు లేవు. నాకు ఆ అంకెతో పెద్దగా పనిలేదు.

నేను తిరగేసి చూసింది అడుగున ఉండే బ్రష్. కుచ్చు బ్రష్ అయితే కుక్క బొచ్చుతో పాటు నా తల వెంట్రుకలూ చుట్టుకుని రెండు చివర్లా ఉండకడతాయి, కత్తెర పెట్టి కోయాల్సిందే. రబ్బరు రోలర్‌కి ఆ బెడద చాలా తక్కువ.

లైడార్ (లేజర్ కాంతితో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్) ఒక్కటే ఉంటే గోడలు, కుర్చీ కాళ్లు తెలుస్తాయి గానీ నేలకు అంటుకుని ఉన్న సాక్సు, చార్జర్ వైరు తెలియవు. కుక్క హాల్లో చేసిన పని కూడా తెలియదు (ఆ తర్వాత రోబో దాన్ని ఇల్లంతా అలికేస్తుంది!). అందుకే ముందువైపు కెమెరా ఉన్నదే తీసుకున్నాం. చైల్డ్ లాక్ కూడా ఉంది, లేకపోతే పాప బటన్ వదలదు.

గడపలు కొలుచుకోండి. చాలా మోడళ్లు రెండు సెంటీమీటర్లకు మించి ఎక్కలేవు. మా పడగ్గదిలోకి దాన్ని ఎత్తుకెళ్లి దింపాలి. తడిగుడ్డ పని మాత్రం మా అత్తయ్య ఇంకా దానికి అప్పజెప్పలేదు.