యాభై రూపాయల కూపన్

"మరి మౌసీ కూతురో?" అంది మా అమ్మాయి, మా పనిమనిషి పిల్లను ఉద్దేశించి. పది నిమిషాలుగా దంచుతున్న నా ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది.

గొడవంతా మేముంటున్న ఒడిశా బరంపురంలో మా అమ్మాయి స్కూలు లైబ్రరీ గురించి. పుస్తకాలు కొనడానికని ఎనిమిదో తరగతి పిల్లలకు తలా ఇరవై కూపన్లు ఇచ్చారు. ఒక్కోటి 50 రూపాయలు. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి పిల్లలు ఏదో ఒక పని చేసిపెట్టాలి. స్కూటర్ కడగడం, ఫ్యాన్లు తుడవడం, పసివాళ్లను గంటసేపు ఆడించడం, పెద్దవాళ్లకు ఫోన్‌లో డబ్బులు పంపడం నేర్పడం, ఇలా ఓ పెద్ద జాబితా.

నేను వద్దన్నాను. మావారు చిన్నప్పుడు స్కౌట్స్‌లో 'ఖరీ కమాయి' అని ఇంటింటికీ వెళ్లి బూట్లు పాలిష్ చేశారట, అది మొదలుపెట్టారు. బ్రిటన్‌లో స్కౌట్లు 1949 నుంచి ఏటా నడిపిన అలాంటి 'బాబ్-ఎ-జాబ్' వారాన్నే పిల్లల క్షేమం కోసం 1992లో ఆపేశారని నేనన్నాను. ఆయన ఫోన్ తీసి, "2012లో మళ్లీ పెట్టారు" అన్నారు. అత్తగారు మధ్యలో దసరా పప్పుబెల్లాలు తెచ్చారు. అయ్యవార్ల వెంట పిల్లలు విల్లంబులు పట్టుకుని ఊరంతా తిరగలేదా అని. తిరిగారు, కానీ గుమ్మం దాటి ఎవరింట్లోకీ వెళ్లలేదు కదా అన్నాను. ఆ మాటకు నాకు నేనే శభాష్ అనుకున్నాను.

మిఠాయి అమ్మితే మహా అయితే ఎవరికో కడుపునొప్పి వస్తుంది. సేవ అమ్మితే పిల్ల వేరేవాళ్ల ఇంట్లోకి వెళ్లాలి. లోపల ఎవరున్నారో మనకేం తెలుసు? ఫ్యాను కోసం స్టూలు ఎక్కాలి, బాత్‌రూమ్ అంటే యాసిడ్ ముట్టుకోవాలి. నాకు అన్నిటికంటే భయం వేసింది మాత్రం ఆ ఫోన్ పాఠానికే. ఓ తాతగారికి యూపీఐ నేర్పుతుంది, ఆయన పిన్ పైకే చదువుతూ నొక్కుతారు. నెల తర్వాత ఆయన ఖాతాలో పదివేలు కనబడవు. మొదట ఎవరి పేరు తలుస్తారు? "ఆ తెలుగువాళ్ల పిల్ల" అంటారు. స్కూలుకి వెళ్లి టీచర్‌ని అడిగితే, "పెద్దవాళ్లెవరైనా తోడు వెళ్తే మంచిది" అన్నారు. ఎవరు వెళ్లాలో చెప్పలేదు.

ఇవన్నీ నిజమైన భయాలే. కానీ అసలు సంగతి చెప్పేస్తాను. మాది ఇచ్ఛాపురం. బరంపురానికి రైల్లో అరగంట. పదిహేనేళ్లయినా దీన్ని ప్రవాసం అనుకుంటూనే ఉన్నాను, నవ్వితే నవ్వండి. ఈ వీధిలో నా పిల్ల ఇంకొకరి స్కూటర్ కడగడం నాకు నామోషీ. అది ఒప్పుకోలేక బాలకార్మిక చట్టం ఎత్తుకున్నాను. 2016 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల చేత, సొంత కుటుంబానికి సాయంలాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఏ పనీ చేయించకూడదని చెప్తుండగా వచ్చింది ఆ ప్రశ్న.

మౌసీ కూతురికి పన్నెండేళ్లు. ఆదివారాలు తల్లితో వచ్చి మా సింకు దగ్గర గిన్నెలు తోముతుంది. తల్లికి సాయం అనుకునేదాన్ని. బిస్కెట్ ప్యాకెట్ కూడా ఇస్తాను. నా వంటిల్లు వాళ్ల కుటుంబం ఎలా అవుతుందో చట్టంలో లేదు. ఇళ్లల్లో పిల్లల చేత పని చేయించకూడదన్న నిషేధం 2006లోనే వచ్చింది.

చివరికి మా అమ్మాయి ఝోటి ఎంచుకుంది. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లల్లో బియ్యప్పిండి జారుగా కలిపి వేళ్లతో వేసే ముగ్గు. సంక్రాంతికి మన వాకిట్లో చుక్కల ముగ్గు నేర్చుకోవే అంటే నడుం వంగని పిల్ల! అక్కసు మింగి సరేనన్నాను. ముగ్గంటే గుమ్మం బయటి పని కదా.

రెండు వీధుల అవతలి ఇల్లు. నేను గేటు దగ్గర కూరల బండివాడితో అరకిలో వంకాయలకు బేరం సాగదీస్తూ నిలబడ్డాను. వాకిట్లో వరికంకులు వేసింది, బాగానే వచ్చాయి. తర్వాత లక్ష్మి పాదాలు మొదలుపెట్టింది. పాదాలు గుమ్మం దగ్గర ఆగవు కదా, దేవుడి గది దాకా వెళ్లాలి. ఒక్కో పాదం వేస్తూ లోపలికి వెళ్లిపోయింది. బండివాడు రెండుసార్లు డబ్బులు అడిగాడు. ఇరవై నిమిషాలకి చేతిలో పాయసం లాంటి ఖీరి గిన్నెతో బయటికి వచ్చి, "నువ్వేంటి ఇక్కడ?" అంది.

ఇక ఆ పిల్లను తీసుకురావద్దని మౌసీకి చెప్పాను. ఆమె కోప్పడలేదు. "బస్తీలో దాన్ని ఒక్కదాన్నే ఎవరి దగ్గర వదలను, అమ్మా?" అంది. దానికి నా దగ్గర చట్టమేమీ లేకపోయింది. సరే, తీసుకురా కానీ పని చేయించకు అన్నాను.

మొన్న ఆదివారం ఆ పిల్ల మా హాల్లో టీవీ ముందు కూర్చుంది. మౌసీకి ఒక్కదానికే గిన్నెలు ఎంతకీ తెమలడం లేదు. నేను రెండుసార్లు గడియారం చూశాను. కాసేపటికి పిల్ల లేచి సింకు వైపు వెళ్లింది. కొళాయి చప్పుడు వినబడింది. నేను పేపరు మడవలేదు.