రికార్డు కూడా ఎడిటింగే

పుస్తకం ప్రింటుకి వెళ్ళాక, అందరూ అలిసిపోయిన సమయంలో, ఎవరో ఒకరు నా దగ్గరికి వచ్చి "ఆ ఓనిక్స్ ఫైలు కూడా పంపేయండి" అంటారు. ప్రచురణ సంస్థలో పుస్తకాల డేటా చూసుకునే వాళ్ళందరికీ ఇది అలవాటైన మాటే అనుకుంటాను. నాకు మాత్రం ప్రతిసారీ బాధగానే ఉంటుంది. ఆన్‌లైన్ షాపులోనైనా, లైబ్రరీ కేటలాగులోనైనా పాఠకుడికి ముందు కనపడేది మనం ఆ ఫైల్లో పంపిన పుస్తక వివరాల రికార్డే. పుస్తకం చేతికొచ్చేది ఆ తర్వాత.

ఓనిక్స్ అంటే ప్రచురణకర్తల నుంచి పంపిణీదారులకీ, షాపులకీ పుస్తక వివరాలు చేరవేసే, కంప్యూటర్లు చదవగలిగే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫార్మాట్. 2000లో మొదలైంది, లండన్‌లోని ఎడిట్యూర్ సంస్థ చూసుకుంటుంది.

నేను ఎక్కువ పట్టుబట్టేది పేర్ల దగ్గర. ఓనిక్స్‌లో ఒక్కొక్క మనిషి చేసిన పనికీ ఒక కోడ్ ఉంది. రచయితకి ఏ01, బొమ్మలు వేసినవారికి ఏ12, అనువాదకులకి బీ06, ఆడియోబుక్ చదివినవారికి ఈ07. అనువాదకుల పేరు పరిచయ వాక్యాల్లో రాసి, బీ06తో విడిగా ఇవ్వకుండా వదిలేసిన రికార్డులు చాలా చూశాను. మనిషి చదివితే పేరు కనపడుతుంది. కానీ ఆ అనువాదకుల పుస్తకాలన్నీ ఒకచోట చూపించాలంటే షాపు సాఫ్ట్‌వేర్‌కి దారి ఉండదు. ఏళ్ళ తరబడి చేసిన పని అలా విడివిడిగా మిగిలిపోతుంది. ఇది అన్యాయం, దాన్ని ఆపడానికి పట్టేది ఒక్క నిమిషం.

తర్వాత, పుస్తకం దేని గురించో చెప్పే సబ్జెక్ట్ కోడ్‌లు. వాటిలో 2013లో వచ్చిన థీమా అనే పద్ధతి నాకు ఇష్టం. ఏదో ఒక దేశం మార్కెట్ కోసం కాకుండా అన్ని దేశాలకీ పనికొచ్చేలా చేశారు. చారిత్రక నవలకి ఎఫ్‌వీ ఇచ్చి, కథ జరిగే చోటుకీ కాలానికీ క్వాలిఫయర్లు, అంటే అదనపు కోడ్‌లు, జోడించవచ్చు. అదే నవలకి చరిత్ర కోడ్ ముందు పెడితే చరిత్ర గ్రంథాల మధ్యకి పోతుంది, నవల కోసం వెతికేవాళ్ళకి దొరకదు. ఏ కోడ్ ప్రధానమో చెప్పగలిగేది పుస్తకం చదివిన ఎడిటరే. కొలతలు, బరువు ప్రెస్ వాళ్ళు చెప్తారు, వాటితో టెన్షన్ లేదు.

రికార్డు ఒకసారి పంపితే అయిపోదు కూడా. విడుదల తేదీ వాయిదా పడినా, ప్రతులు అయిపోయినా మళ్ళీ పంపాలి. లేకపోతే పుస్తకం రాకముందే 'లభ్యం' అని చూపిస్తారు, పాఠకుడు డబ్బు కట్టి ఎదురుచూస్తాడు.

అందుకే ఎడిటర్లని ఇప్పుడు ఒకటే అడుగుతున్నాను. మాన్యుస్క్రిప్ట్ ఖాయమైన రోజే పేర్లు, ఎవరు ఏం చేశారో, ప్రధాన సబ్జెక్ట్, నాలుగు వాక్యాల పరిచయం నాకు ఇవ్వండి. కవర్ మాత్రం తర్వాత వచ్చినా ఫర్వాలేదు.