కుండ నీళ్లు చల్లబడని ఊళ్లో ఉప్పునీటి ట్యాంక్

"ఈ ఊళ్లో కుండలో నీళ్లు చల్లబడట్లేదేమే?" అంది అమ్మ. మేం విశాఖ వచ్చిన మొదటి ఏప్రిల్ అది. పూర్ణా మార్కెట్లో కొన్న కొత్త కుండ. కింద ఇసుక పోసింది, చుట్టూ తడిగుడ్డ కట్టింది, కిటికీ పక్కన పెట్టింది. కూకట్‌పల్లిలో ఏం చేసేదో అంతా చేసింది. అక్కడ రెండు గంటల్లో నీళ్లు పళ్లు జివ్వుమనేలా అయ్యేవి. ఇక్కడ సాయంత్రం దాకా ఆగినా బిందెలో నీళ్లకీ కుండలో నీళ్లకీ పెద్ద తేడా లేదు.

మట్టి మంచిది కాదేమో అనేసి నేను ఆఫీసుకి వెళ్లిపోయాను. నెల తిరక్కుండానే అదే ప్రశ్న నా చేపల ట్యాంక్ అడిగింది.

నాది రెండడుగుల ఉప్పునీటి ట్యాంక్. రాళ్లు, ఇసుక పోను పట్టే నీళ్లు 60 లీటర్లు. అందులో హేచరీలో పుట్టి పెరిగిన క్లౌన్ ఫిష్ జంట, ఒక క్లీనర్ రొయ్య, నాలుగు నత్తలు ఉండేవి. పగడాలు పెట్టలేదు, పెట్టను కూడా. రాతి పగడాలన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కిందకి వస్తాయి, పులి ఉన్న షెడ్యూలే అది. మన సముద్రంలోంచి తీసిన పగడం తక్కువ ధరకి ఇస్తామని ఎవరైనా అంటే దయచేసి కొనకండి.

ట్యాంక్ చిన్నదైతే పని తక్కువ అనుకుంటారు. వేడి విషయంలో అది పూర్తిగా తప్పు. ఐదొందల లీటర్ల ట్యాంక్ ఒక మధ్యాహ్నపు వేడిని ఓర్చుకుంటుంది. 60 లీటర్లకి అంత ఓపిక ఉండదు. గది వేడెక్కిన రెండు మూడు గంటల్లో థర్మామీటర్ అంకె కదిలిపోతుంది.

హైదరాబాద్‌లో మాది పై అంతస్తు. ఏప్రిల్, మే నెలల్లో బయట 41, 42 ఉంటే హాల్లో 36 ఉండేది. అయినా ట్యాంక్ 27 దాటేది కాదు. అందుకు నేను పెట్టిన ఖర్చు చాలా తక్కువ. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు ట్యాంక్ అంచుకి క్లిప్పులతో బిగించి, గాలి నీటి మీద ఏటవాలుగా పడేలా పెట్టాను. వాటిని ఎస్‌టీసీ 1000 అనే చిన్న కంట్రోలర్‌కి కలిపాను. నీళ్లు 27 దాటితే ఫ్యాన్లు ఆన్, 26.5కి దిగితే ఆఫ్. నాలుగు వేసవులు అలాగే గడిచాయి.

ఫ్యాన్ పెడితే ఒక పని తప్పదు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంక్‌లోనే ఉండిపోతుంది. అందుకే తగ్గిన మేరకు ఆర్‌ఓ మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోయకూడదు. గాజు మీద మార్కర్‌తో గీత గీసుకుని రోజూ సాయంత్రం ఆ గీత దాకా నింపేదాన్ని. మండు వేసవిలో రోజుకి లీటరున్నర పట్టేది. మూడు రోజులు పోయకుండా వదిలేస్తే, నీటిలో ఉప్పు ఎంతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 ఉండాల్సింది 1.027 అవుతుంది. ఊరెళ్లేటప్పుడు ఈ పని అమ్మకి అప్పజెప్పేదాన్ని. పూజ సామాన్లలోంచి ఒక స్టీలు చెంబు దీనికోసమే పక్కన పెట్టింది. అది అర లీటరు చెంబు.

ట్రాన్స్‌ఫర్ మీద విశాఖ వచ్చాక ట్యాంక్ ఎంవీపీ కాలనీ ఇంటి హాల్లో పెట్టాం. అవే ఫ్యాన్లు, అదే కంట్రోలర్. బయట 34 డిగ్రీలే కాబట్టి ఈసారి వేసవి సులువుగా గడుస్తుందని నమ్మాను. పైగా సాయంత్రం నింపేటప్పుడు ఒక్క చెంబు కూడా పూర్తిగా పట్టేది కాదు. నీళ్లు తగ్గట్లేదు, పని తప్పింది అని సంతోషించాను కూడా. ట్యాంక్ నాకు ఆ చెంబు ద్వారానే విషయం చెబుతోందని అప్పుడు అర్థం కాలేదు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు చేపలూ ఫిల్టర్ నీళ్లు పడేచోట, పైపైనే తిరుగుతున్నాయి. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. థర్మామీటర్ 32.4. ఫ్యాన్లు రెండూ ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. చేపలు కొన్న షాపుకి ఫోన్ చేస్తే ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టమన్నారు. టేబుల్ ఫ్యాన్ తెచ్చి ఎదురుగా పెట్టాను. గంటకి 0.3 తగ్గింది, అంతే.

టెన్షన్‌లో నేను చేసిన తప్పు ఇక్కడే. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన లీటరు బాటిళ్లు రెండు ఉంటే రెండూ ఒకేసారి ట్యాంక్‌లో తేల్చాను. ముప్పావు గంటలో 29కి వచ్చేసింది. అమ్మయ్య అనుకునేలోపే చిన్న చేప, అంటే జంటలో మగది, ఇసుక మీద పక్కకి ఒరిగి పడుకుంది. రాత్రికి లేచి తిరిగింది కానీ, తెల్లారేసరికి క్లీనర్ రొయ్య చనిపోయి ఉంది. రెండేళ్లు నా చేతి మీదకి ఎక్కి గోళ్లు శుభ్రం చేసిన రొయ్య అది. దాని చావుకి కారణం వేడి కంటే నేను తెచ్చిన ఆ కుదుపే అని ఇప్పటికీ అనుకుంటాను.

లెక్క వేసుకుంటే తెలిసేది. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. కరిగిన నీళ్లు ట్యాంక్ వేడికి రావడానికి ఇంకో 120 దాకా కావాలి. 60 లీటర్లను ఒక డిగ్రీ దించడానికి దాదాపు 240 చాలు. అంటే ఒక్క లీటరు బాటిల్ మెల్లగా రెండు డిగ్రీలు లాగేయగలదు. ఇప్పుడు నా ఫ్రీజర్‌లో పావు లీటరు బాటిళ్లే ఉంటాయి. అవసరమైతే గంటకి ఒకటి, అంతకంటే వద్దు.

ఆ రాత్రి నిద్రపట్టక ట్యాంక్ ముందే కూర్చున్నాను. అమ్మ మంచినీళ్లు తెచ్చి ఇస్తూ, "కుండ నీళ్లే, ఏం చల్లగా లేవు" అంది. అప్పుడు తట్టింది. కుండా, ట్యాంకూ చల్లబడేది ఒకే పద్ధతిలో. పైనున్న నీరు ఆవిరవుతూ మిగతా నీటిలోని వేడిని పట్టుకుపోవాలి. గాలి అప్పటికే తేమతో నిండిపోయి ఉంటే ఇంకే ఆవిరిని తీసుకుంటుంది? హైదరాబాద్‌లో ఇంటింటికీ ఎయిర్ కూలర్ ఉండి, ఇక్కడ ఉక్కపోతలో కూలర్ పెడితే ఇంకా జిగటగా అవడం కూడా అందుకే.

థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే అది ఏ అంకె దగ్గర ఆగుతుందో, ఫ్యాన్‌కి అదే హద్దు. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే ఆ అంకె 24 దగ్గర ఉంటుంది. 34 డిగ్రీల్లో తేమ 75 శాతం ఉంటే 30! ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అంతకంటే దిగదు. పంపుల వేడి, లైటు వేడి కలుపుకుంటే అంతదాకా కూడా రాదు. అందుకే కొత్తగా ట్యాంక్ పెట్టేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట, ముందు మీ గదిలో తేమ ఎంతో చూసుకోండి. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న మీటర్లు తక్కువ ధరకే దొరుకుతాయి.

చేపలు పైకెందుకు వచ్చాయో కూడా చెప్పాలి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. సముద్రపు నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 6.7 మిల్లీగ్రాములు పడితే, 32 దగ్గర 6కి పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప శరీరం ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. కాబట్టి నీళ్లు వేడెక్కాయని తెలిసిన వెంటనే, చల్లబరచడం కంటే ముందు గాలి అందేలా చూడాలి. పైనున్న నీరు బాగా కదిలేలా పంపు తిప్పండి, ఎయిర్ పంప్ వేయండి. కరెంటు పోయినప్పుడు పనికొచ్చేలా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇప్పుడు ట్యాంక్ పక్కనే పెట్టుకుంటున్నాను.

తర్వాత వేడి లోపలికి వచ్చే దారులు మూయడం మొదలుపెట్టాను. నీళ్లలో మునిగి ఉండే పంపు తినే కరెంటంతా చివరికి నీళ్లలో వేడిగానే మిగులుతుంది. నా పాత పంపులు రెండూ కలిపి 22 వాట్లు. వాటి బదులు 5 వాట్ల డీసీ పంపు ఒకటి పెట్టాను. 17 వాట్లంటే ఏముంది అనిపిస్తుంది. కానీ రోజుకి ఒక లీటరు నీరు ఆవిరైతే పట్టుకుపోయే వేడి దాదాపు 28 వాట్లే. ఆ పాత పంపుల వేడి పోవడానికే రోజుకి అర లీటరు పైన ఆవిరవ్వాల్సి వచ్చేదన్నమాట. గాజు మూత తీసేసి వల బిగించాను, ఎందుకంటే క్లౌన్ ఫిష్ బయటికి దూకుతాయి. లైటు సాయంత్రం 6 నుంచి 11 వరకే. హీటర్ ఏప్రిల్ మొదట్లోనే ప్లగ్ తీసేస్తాను.

ట్యాంక్ నీళ్లని ఫ్రిజ్‌లా చల్లబరిచే చిల్లర్ అనే యంత్రం కొనమని చాలామంది సలహా ఇచ్చారు. చిల్లర్ నీటిలోంచి తీసిన వేడిని, తను తిన్న కరెంటుతో కలిపి గదిలోకే వదులుతుంది. మా చిన్న హాల్లో అది మనుషులకి శిక్ష. బాల్కనీలో పెట్టి గోడలోంచి పైపులు వేయగలిగితే మంచి పరికరమే. మాది అద్దె ఇల్లు.

చివరికి ట్యాంక్‌ని పడకగదిలోకి మార్చాం. ఏసీ ఉన్నది ఆ ఒక్క గదిలోనే. నేను ఏసీ చల్లదనం కోసమే మార్చాను కానీ, అసలు మేలు చేసింది ఇంకొకటి. ఏసీ గాలిలోని తేమని పిండేస్తుంది. బాల్కనీలో పైపు కింద బకెట్ పెడితే తెల్లారేసరికి సగం నిండుతుంది, ఆ నీళ్లన్నీ మా గది గాలిలోవే. (వాటిని మాత్రం ట్యాంక్‌లో పోయకండి. ఏసీ కాయిల్‌లో రాగి ఉంటుంది, రాగి రొయ్యలకి విషం.) ఏసీ 28లో ఉన్నా గదిలో తేమ 55కి దిగింది. మూలన పడేసిన పాత ఫ్యాన్లు మళ్లీ బిగించాను.

ఏసీ రాత్రి పది నుంచి ఆరు వరకు, మధ్యాహ్నం అమ్మ పడుకునే ఒంటి గంట నుంచి నాలుగు వరకు నడుస్తుంది. మిగతా సమయంలో గది వేడెక్కుతుంది. ట్యాంక్‌ని పట్టుబట్టి 26లో ఉంచాలని చూస్తే రోజూ మూడు డిగ్రీలు పైకీ కిందకీ ఊగుతోంది. అందుకే వేసవిలో 28కి ఒప్పుకున్నాను. ఏప్రిల్‌లో వారానికి అర డిగ్రీ చొప్పున కంట్రోలర్ పెంచుకుంటూ 28కి తీసుకెళ్తాను, వానలు పడ్డాక అలాగే దించుతాను. ఇప్పుడు రోజు మొత్తంలో తేడా ఒక డిగ్రీ లోపే. చేపలు రెండూ తమ మూల వదలకుండా, పిలిస్తే మేతకి వస్తున్నాయి. ఈ వేసవి దాటాకే కొత్త రొయ్య తెస్తాను.

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి ట్యాంక్ గీత దాకా నిండి ఉంది. అమ్మ చెంబు బోర్లిస్తూ చెప్పింది, "ఇవాళ రెండు చెంబులు పట్టాయే. నా కుండ కూడా ఆ గదిలోనే పెట్టుకోనా?"

పెట్టాం. ట్యాంక్ స్టాండ్ పక్కనే, ఫ్యాన్ గాలి తగిలేచోట.