పక్కన పడుకునేవాళ్లని అడగండి

కొత్తగూడెంలో మా ఫ్యామిలీ డాక్టరు గారంటే మాకు ఇంట్లో మనిషి కింద లెక్క. మా అత్తగారిని చివరిదాకా చూసింది ఆయనే. అంత మంచి డాక్టరు చేతిలో ఉండి కూడా, నిద్రలో ఊపిరి ఆగిపోయే నా జబ్బు కొన్నేళ్లపాటు బయటపడలేదంటే, లోపం ఆయన ఒక్కరిది కాదనే నా నమ్మకం.

యాభై దాటాక మొదలైంది. పొద్దున లేచేసరికి తలంతా దిమ్ము, నోరు పిడచకట్టుకుపోయి ఉండేది. రాత్రి రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి లేవాల్సి వచ్చేది. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో పేపర్లు దిద్దుతుంటే చేతిలో ఎర్ర పెన్ను మార్కు దగ్గర బయల్దేరి కాగితం అంచుదాకా జారిపోయేది. ఉలిక్కిపడి చూస్తే ఎవరో పిల్ల చక్కగా రాసిన జవాబు మీద అడ్డంగా గీత. ఆ పేపరు తిరిగివ్వాలంటే ప్రాణం చచ్చిపోయేది.

డాక్టరు గారు ఓపికగా అన్నీ చూశారు. థైరాయిడ్, షుగర్, బి12, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. "ఈ వయసులో ఆడవాళ్లకి ఇవి మామూలే టీచరమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. బీపీకి ఒక మాత్ర చాలక రెండోది, ఆ తర్వాత మూడోది చేరింది. నిద్ర సరిపోవడం లేదంటే నిద్రమాత్ర రాశారు. అది వేసుకున్న మర్నాడు తల ఇంకా బరువుగా ఉండేది. అలాంటి మాత్రల్లో కొన్ని గొంతు కండరాల్ని మరింత వదులు చేసి ఈ జబ్బుని పెంచుతాయని అప్పట్లో మాకెవరికీ తెలియదు.

మావారిది సింగరేణిలో నైట్ షిఫ్టుల ఉద్యోగం. నేను ఎలా పడుకుంటున్నానో చూసే మనిషే లేరు. చివరికి పురిటికి వచ్చిన మా అమ్మాయి కనిపెట్టింది. చంటిదానికి పాలివ్వడానికి లేచినప్పుడల్లా నా గురక వినేదట. "అమ్మా, గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆపేస్తున్నావే, నాకు భయమేస్తోంది" అని ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది. గురక, తర్వాత ఏ చప్పుడూ లేదు, ఆ వెనకే గుటకేసినట్టు ఒక పెద్ద ఊపిరి. డాక్టరు గారు అది రెండుసార్లు విని, హైదరాబాద్‌లో ఊపిరితిత్తుల స్పెషలిస్టుకి ఉత్తరం రాసిచ్చారు.

తలకీ, గుండెకీ, కాళ్లకీ వైర్లు అతికించి రాత్రంతా పరీక్ష చేశారు. ఊపిరి ఆగడం, సన్నగిల్లడం కలిపి గంటకి 38 సార్లు. 30 దాటితే తీవ్రమైనట్టే. రక్తంలో ఆక్సిజన్ 74 శాతానికి పడిపోయింది. స్లీప్ ఆప్నియా అన్నారు. నిద్రలో గొంతు గోడలు మూసుకుపోతాయి, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, బీపీ పెరుగుతుంది. మూసుకున్న గొంతులోంచి గాలి లాగే ప్రయాసకి గుండె గదులు సాగి, ఒంట్లో నీరెక్కువైందనుకుని మూత్రం పెంచే హార్మోను వదులుతాయి. బాత్రూమ్‌కి లేవడం దగ్గర్నుంచి తలనొప్పి దాకా అన్నిటికీ మూలం ఒకటే.

1980ల మొదట్లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సల్లివన్ కనిపెట్టిన సీపాప్ మెషిన్‌తోనే, అంటే మాస్కులోంచి గాలి ఒత్తిడితో పంపి గొంతు మూసుకోకుండా చూసే మెషిన్‌తోనే, నేను కోలుకున్నాను. మొదట్లో నరకమే. మాస్కు పక్కనుంచి గాలి కళ్లలోకి కొట్టేది, ముక్కు మండేది. సైజు మార్చి, గాలికి తేమ పెట్టే డబ్బా తగిలించాక అలవాటైంది. తలనొప్పి పోయింది. కొన్ని నెలలకి మూడో బీపీ మాత్ర డాక్టరు గారే ఆపేశారు.

స్పెషలిస్టు నాకిచ్చిన ప్రశ్నల కాగితాలు ఆ రోజే ఆయన ముందు పెట్టాను. టీవీ చూస్తూ, బస్సులో కూర్చుని, భోజనమయ్యాక ఎంత కునుకు వస్తుందని అడిగే ఎప్‌వర్త్ స్కేలు 1991 నుంచీ ఉంది, రెండు నిమిషాల పని. స్టాప్‌బ్యాంగ్ అని ఇంకోటి, ఎనిమిది ప్రశ్నలు, మార్కులు పెరిగేకొద్దీ ఈ జబ్బు ఉందన్న అనుమానం ఎక్కువ. అందులో మగవాళ్లయితే ఒక మార్కు ఎక్కువ. అసలే ఆడవాళ్లు గురక మాట సిగ్గుపడి చెప్పరు, పైగా ఇదొకటి. ముట్లు ఆగాక మనకీ ఈ ముప్పు పెరుగుతుందని ప్రతి డాక్టరుకీ గుర్తుండాలి. "మేం చదువుకునే రోజుల్లో గురకని ఎవరు పట్టించుకున్నారమ్మా" అంటూ ఆయన ఆ కాగితాలు జిరాక్స్ తీయించుకున్నారు.

మొన్న మా వీధిలో బొగ్గు టిప్పర్ నడిపే అతను బీపీ అని వెళ్తే, భార్యని కూడా పిలిపించి గురక గురించి అడిగారట. పరీక్షకి పంపారు. మెషిన్ ఖరీదు విని ఆ అమ్మాయి బెంగపడుతూ నా దగ్గరికొచ్చింది. ముందు అద్దెకి తీసుకుని వాడి చూడమని, హైదరాబాద్‌లో అద్దెకిచ్చేవాళ్ల నంబరు రాసిచ్చాను.