మా నాయిన మరిచిపోలేదు, ఆయనకు వినపడలేదు

ఈ సంగతి తేలి వారం కూడా కాలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, ఇంట్లో పెద్దవాళ్లున్న ఎవరికైనా పనికొస్తుంది.

మా నాయిన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. బస్సు కిటకిటలాడుతున్నా, ఎవరికెంత చిల్లరివ్వాలో టికెట్ వెనక రాయకుండా గుర్తుంచుకున్న మనిషి. ఈ మధ్య పొద్దున చెప్పింది సాయంత్రానికి మళ్లీ అడుగుతున్నాడు. అంబర్‌పేట నుంచి ఆటోలో ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లా. ఓపీ, రక్తపరీక్షలు, ఎమ్మారై ఒక్కపూటలో అయిపోయాయి.

జ్ఞాపకశక్తి పరీక్ష దగ్గరే మా పరువు తీశారు. ఆ గది కౌంటర్ పక్కనే. తలుపు బార్లా తెరిచి ఉంది, బయట మైకులో టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. పరీక్ష చేసే అమ్మాయి మాస్కు తీయకుండానే మూడు ఇంగ్లీషు మాటలు గబగబా చదివి, "గుర్తు పెట్టుకోండి అంకుల్, తర్వాత అడుగుతా" అంది. ఆ మూడూ ఆయనతో అప్పుడే తిరిగి చెప్పించాలి, రాకపోతే మళ్లీ వినిపించాలి. పరీక్షలో మొదటి మెట్టే అది. ఆమె చెప్పించలేదు. వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మని కూడా ఇంగ్లీషులోనే అడిగింది. నాయిన నా మొహంలోకి చూశాడు. తెలుగులో చెప్పబోతే "మీరు హెల్ప్ చేయొద్దు మేడం" అని నన్ను ఆపేసింది. తర్వాత వరల్డ్ స్పెల్లింగ్ వెనక నుంచి చెప్పమంది. ఆయన చదివింది ఏడో తరగతి, అదీ ఉర్దూ మీడియం. "నాకు రాదు బిడ్డా" అన్నాడు. ఆమె పక్కనున్నావిడతో "ఇల్లిటరేట్" అంది, ఆయన ఎదుటే.

ఆ మాట ఆయనకు అర్థమైంది. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఆ మూడు మాటలేవని అడిగినా, ఇవాళ ఏ వారమని అడిగినా నోరు విప్పలేదు. ముప్పైకి పద్నాలుగు వేసి, డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, అని రాసిచ్చారు. చెవిలోకే పోని మాటను మరిచిపోయాడని ఎట్లా రాస్తారు?

మా చిన్నాన్న కూతురు చెబితే ఇంకో న్యూరాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు చేసిన పని చెవుల్లో లైటు వేసి చూడటం. గుబిలి గట్టిపడి ఉంది. తీయించాక వినికిడి పరీక్ష చేస్తే రెండు చెవులూ బాగా తగ్గాయని తేలింది. రక్తంలో విటమిన్ బి12 కూడా తక్కువే. అది తగ్గినా మతిమరుపు వస్తుందట.

తలుపు మూసి, ఎదురుగా కూర్చుని, తెలుగులో అడిగారు. వందలోంచి ఏడు తీయమంటే నాయిన తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై ఐదు అని ఆగకుండా చెప్పాడు. మూడు మాటల్లో కాసేపయ్యాక రెండు చెప్పాడు. మూడోది అందలేదు. "కూరగాయ" అని డాక్టర్ అందించగానే "వంకాయ" అన్నాడు. డాక్టర్‌కు కావాల్సింది అదేనట. అందిస్తే వచ్చిందంటే మాట లోపలికి పోయింది, నిలిచింది కూడా. వెతికి తీయడమే కష్టమవుతోంది. అందించినా రాకపోతే అసలు దాచుకోవడమే జరగలేదేమోనని అనుమానించాలి. కొత్త సంగతులను దాచిపెట్టడానికి మెదడులో హిప్పోకాంపస్ కావాలి. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ తొలి దశల్లోనే దెబ్బతీసేది దాన్ని.

కోఠి నుంచి కొండాపూర్ దాకా 127కె బస్సు స్టాపులన్నీ ఇప్పటికీ వరసగా చెప్తాడు సార్ అన్నాను. దాన్ని చూసి ధైర్యపడొద్దు అన్నారాయన. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే అతనికి మూర్ఛ తగ్గించడానికి రెండు వైపులా హిప్పోకాంపస్ చాలావరకు తీసేశారు. చిన్ననాటి సంగతులు చెప్పేవాడు గానీ, కొత్తగా కలిసిన మనిషిని గుర్తుపట్టలేకపోయేవాడు. పాతవి గుర్తున్నాయి కదా, ఏమీ కాదులే అని మన ఇళ్లల్లో అనుకుంటాం. అట్లా అనుకోకండి.

నాకు అసలు మింగుడు పడనిది వేరే. మన హైదరాబాద్‌లోనే, నిమ్స్‌లో చూపించుకున్న 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో అధ్యయనం ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉందని అందులో తేలింది. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ తయారు చేయించిన జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులో ఉన్నాయి. ఇంత పని జరిగిన ఊళ్లో, తెలుగూ ఉర్దూ గడగడా మాట్లాడే మా నాయనను ఇంగ్లీషు స్పెల్లింగ్ అడిగి నోరు మూయించారు!

మీవాళ్లను తీసుకెళ్తే ముందు చెవులు చూపించండి. వాళ్లు రోజూ మాట్లాడే భాషలో అడగమని గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి. కళ్లద్దాలు, చెవి మిషన్ ఉంటే అదీ, తప్పకుండా పెట్టించండి.

నాయినకు బి12 ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, చెవి మిషన్‌కు కొలతలిచ్చాం. మతిమరుపు కొద్దిగా ఉన్నమాట నిజమే, ఆరు నెలలకు మళ్లీ పరీక్షిస్తామన్నారు. ఇప్పటి మార్కులతో పోలిస్తేనే పెరుగుతోందో లేదో తెలుస్తుంది. కాబట్టి మొత్తం మార్కులు వేసిన చీటీతో సరిపెట్టుకోకుండా, ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చారో రాసిన షీటు జిరాక్స్ అడిగి తీసుకోండి. మొదటి ఆసుపత్రి వాళ్లు మాకది ఇవ్వం పొమ్మన్నారు. రాతపూర్వకంగా అడిగాకే ఇచ్చారు.