నాలుగో రోజు నెగటివ్

కండోమ్ చిరిగిందని అప్పటికప్పుడే తెలిసింది. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. కొత్త పరిచయం. సుఖవ్యాధుల పరీక్షలు ఎప్పుడైనా చేయించుకున్నావా అని అడిగే చనువు ఇంకా ఏర్పడలేదు. ఆ చనువే లేనప్పుడు మిగతాదంతా ఎలా జరిగిందంటే నా దగ్గర జవాబు లేదు.

మూడు రోజులు టెన్షన్‌తో ఫోన్లో లక్షణాలు చదువుతూ కూర్చున్నాను. గొంతు గరగరలాడితే అదే, ఒళ్లు వెచ్చబడితే అదే. నాలుగో రోజు ధైర్యం తెచ్చుకుని ల్యాబ్‌కి వెళ్లి హెచ్ఐవి, సిఫిలిస్ పరీక్షలకు రక్తం ఇచ్చాను. సాయంత్రానికి రెండూ నెగటివ్. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

ఎందుకైనా మంచిదని మర్నాడు ఆ రిపోర్టు డాక్టర్‌కి చూపించాను. ఆవిడ ముందు తేదీ చూశారు. తర్వాత, ఆ సంఘటన ఎప్పుడు జరిగిందని అడిగారు. చెప్పాను.

"ఇది అంతకు ముందు మీరెలా ఉన్నారో చెప్పే కాగితం. ఆ రాత్రి సంగతి దీనికింకా తెలీదు" అన్నారు.

క్రిమి ఒంట్లోకి వచ్చినా, పరీక్షకు దొరికేంతగా పెరగడానికో, దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు (ఒళ్లు తయారుచేసుకునే రక్షక ప్రోటీన్లు) తయారవడానికో కొంత కాలం పడుతుంది. దాన్ని విండో పీరియడ్ అంటారు. ఒక్కో వ్యాధికి ఒక్కోలా ఉంటుంది. ఇది నాకు కొత్త. కానీ అసలు దెబ్బ తర్వాతి మాటతో తగిలింది. హెచ్ఐవి రాకుండా ఆపే మందులు ఉన్నాయట. 72 గంటల్లోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అవసరమా కాదా అన్నది డాక్టర్ తేలుస్తారు. నేను వెళ్లింది ఐదో రోజు. ఆ మూడు రోజులూ ఫోన్ చూస్తూ గడిపేసినందుకు నా మీద నాకే మండిపోయింది. ఇలాగే సోకే మరో జబ్బు, కాలేయానికొచ్చే హెపటైటిస్ బికి టీకా మొత్తం వేయించుకుని ఉండటంతో ఆ ఒక్క బరువు మాత్రం దిగింది.

తర్వాత ఆవిడ తేదీలు చెబుతుంటే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. రెండు వారాలకి గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధుల పరీక్ష. 45 రోజులకి హెచ్ఐవి. అదీ నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష (క్రిమి భాగాన్నీ, యాంటీబాడీలనీ రెండిటినీ వెతికేది) అయితేనే. వేలు గుచ్చి చూసే పరీక్ష అయితే 90 రోజులు ఆగితేగానీ నమ్మడానికి లేదు. (ఆపే మందులు వాడినవాళ్లకు ఈ లెక్క మారుతుంది, వాళ్లు డాక్టర్ చెప్పిన తేదీలే పాటించాలి.) సిఫిలిస్ ఆరు వారాలు నిండాక ఒకసారి, మూడు నెలలు నిండాక మరోసారి. హెర్పిస్ కూడా చేయించేస్తానన్నాను. పుండ్లేవీ లేకుండా దానికి రక్తపరీక్ష చేయిస్తే అనుమానం పెరగడమే తప్ప తేలేదేమీ ఉండదన్నారు. మధ్యలో పుండో, చీమో, మూత్రంలో మంటో కనిపిస్తే మాత్రం ఏ తేదీ కోసమూ ఆగకుండా రమ్మన్నారు.

రెండు వారాల పరీక్షకు మూత్రం ఇవ్వాలి. గంటసేపు బాత్రూమ్‌కి వెళ్లకుండా ఉండి, మొదట వచ్చే ధారనే పట్టాలి. మామూలు యూరిన్ పరీక్షలకు మొదటిది వదిలేయమంటారు కదా, నేనూ అలవాటుగా వదిలేశాను. ఇంకో గంట కూర్చోవాల్సి వచ్చింది. నోటితోనో, మలద్వారం ద్వారానో సంపర్కం జరిగితే అక్కడి నుంచి కూడా స్వాబ్ (దూది పుల్లతో నమూనా) తీయాలి, మూత్రంలో అది బయటపడదు. సిగ్గుపడి ఆ విషయం దాస్తే సగం పరీక్ష చేయించుకున్నట్టే.

క్లమీడియా పాజిటివ్ వచ్చింది. మంట లేదు, నొప్పి లేదు, ఏమీ లేదు. చాలామందికి ఇలాగే ఉంటుందట. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రోజుకు రెండు చొప్పున ఏడు రోజులు రాసిచ్చారు. ఆ వారం శారీరక సంబంధం అసలు వద్దన్నారు. పరీక్షలన్నీ పూర్తయ్యేవరకు ఎలాగూ కండోమ్ తప్పనిసరి.

మాత్రలు మింగడం తేలికే. అవతలి మనిషికి చెప్పడమే కష్టమైంది. మెసేజ్ నాలుగుసార్లు రాసి చెరిపి, చివరికి రెండే వాక్యాలు పంపాను: నాకు క్లమీడియా వచ్చింది, నువ్వూ చూపించుకో. గంట తర్వాత జవాబొచ్చింది. "నాకూ ఏమీ తెలియలేదు. రేపే వెళ్తాను." నీ వల్లే, నా వల్లే అనే పంచాయితీ రాలేదు. అది ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

45వ రోజు హెచ్ఐవి నెగటివ్. మూడు నెలలకు సిఫిలిస్ నెగటివ్. క్లమీడియా మళ్లీ సోకడం మామూలేనని అప్పుడే ఆ పరీక్షా మరోసారి చేయించారు, అదీ నెగటివ్. నాలుగో రోజు రిపోర్టు చించేద్దామనుకుంటే డాక్టర్ వద్దన్నారు. తర్వాతి దాంట్లో పాజిటివ్ వచ్చి ఉంటే, అది కొత్తగా వచ్చిందని తేల్చడానికి పనికొచ్చేది అదేనట. ఫైల్లో అన్నిటికన్నా కింద ఉంది.